మోటార్‌హోమ్ అద్దెకిచ్చే ముందు పాలసీలో ఆ ఒక్క పేరా చదవండి

మేముండేది నార్త్ కరోలైనాలోని మోరిస్‌విల్‌లో. నాలుగేళ్ల కిందట ఒక పాత మోటార్‌హోమ్ (ఆర్వీ అనీ అంటారు, లోపలే పడకలు, వంటిల్లు ఉండే బండి) కొన్నాం. ఫోర్డ్ ఈ-450 మీద కట్టిన 28 అడుగుల క్లాస్ సి, అంటే డ్రైవర్ సీటు నెత్తిన పడక ముందుకు పొడుచుకొచ్చి ఉంటుందే, ఆ రకం. ఏడాదికి మేం వాడేది మహా అయితే నాలుగు వారాలు. మిగతా రోజులన్నీ స్టోరేజీలో నిలబడి మా దగ్గరే అద్దె తింటుంది. అలాంటి బండిని ఎవరికైనా అద్దెకిద్దామనిపించడం సహజం. మాకూ అనిపించింది.

మొదటిసారి ఇచ్చింది మా వారి పాత ఆఫీసులో పనిచేసిన అబ్బాయికి. అక్టోబర్ నెల, స్మోకీ మౌంటెన్స్‌లో ఆకులు రంగులు తిరిగే సీజన్. నాలుగు రోజులకి 900 డాలర్లు జెల్‌లో (బ్యాంకు ఖాతాకి డబ్బు పంపే సర్వీసు) పంపాడు. మనవాళ్లే కదా అని కాగితమేమీ రాసుకోలేదు. మూడో రోజు పిల్లలు బర్గర్ అడిగారట. డ్రైవ్ త్రూలోకి తిప్పాడు. పైన అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీ మా బండి నుదురు చీల్చింది. పైగా ఆ రాత్రి వాన. పడక కింద ప్లైవుడ్ నానిపోయింది. రిపేరు షాపు వాళ్ల అంచనా 11,400 డాలర్లు.

మా ఇన్సూరెన్స్ పాలసీ ఫుల్ కవరేజీ, డిడక్టిబుల్ (క్లెయింలో మన జేబులోంచి పెట్టుకోవాల్సింది) 1,000 డాలర్లు. ఆ వెయ్యి పోతే పోయిందనుకున్నాం. కంపెనీ తరఫున క్లెయిం చూసే అడ్జస్టర్ ఫోన్‌లో చాలా మర్యాదగా మాట్లాడింది. బండి ఎవరు నడిపారు, మీ అనుమతితోనేనా అని అడిగింది. ఆ తర్వాత, "వాళ్లు మీకు డబ్బులేమైనా ఇచ్చారా?" అంది. మా వారు ఇచ్చారన్నారు. అక్కడితో అయిపోయింది. పది రోజుల్లో ఉత్తరం వచ్చింది: క్లెయిం తిరస్కరించడమైనది. ఆ ఏడాది రెన్యువల్ కూడా చెయ్యలేదు.

ఆ అబ్బాయికి బండి ఊరికే ఇచ్చి ఉంటే కథ వేరేగా ఉండేది. అనుమతి ఇచ్చి స్నేహితుడి చేత నడిపిస్తే సొంత పాలసీలు మామూలుగా కవర్ చేస్తాయి. డబ్బు తీసుకున్న క్షణం నుంచి అది అద్దె బండి. చాలా పాలసీల్లో ఎక్స్‌క్లూజన్స్ (వర్తించని సందర్భాలు) అన్న భాగంలో ఈ మాట ఉంటుంది: వాహనాన్ని ఇతరులకు అద్దెకు గానీ లీజుకు గానీ ఇచ్చినప్పుడు ఈ కవరేజీ వర్తించదు. మీ పాలసీ పీడీఎఫ్ తెరిచి "రెంట్", "లీజ్", "లివరీ" (డబ్బులు తీసుకుని బండి తిప్పడం) అన్న మూడు మాటలూ వెతకండి. పది నిమిషాల పని. నేను ఆ పని చేసింది ఉత్తరం వచ్చాక.

"డబ్బులు తీసుకోలేదని చెప్పాల్సింది" అని సలహా ఇచ్చినవాళ్లు చాలామంది. అది ఇన్సూరెన్స్ ఫ్రాడ్, నేరం. పైగా జెల్ నోట్‌లో ఆ అబ్బాయి స్వయంగా "ఆర్వీ రెంట్, ఫోర్ డేస్" అని రాసి, పక్కన క్యాంపింగ్ టెంట్ బొమ్మ కూడా పెట్టాడు.

ఇవ్వాలనే అనుకుంటే ముందు మీ ఏజెంటుకి మెయిల్ రాయండి, ఫోన్ కాదు. అద్దెకిస్తే ఈ పాలసీ ఉంటుందా, రద్దవుతుందా, అద్దెకు పనికొచ్చే ఎండార్స్‌మెంట్ (పాలసీకి జత చేసే అదనపు షరతు) ఉందా అని అడిగి, జవాబు రాతలో తీసుకోండి. బండి మీద లోన్ ఉంటే ఆ అగ్రిమెంట్ కూడా చదవండి. అద్దెకివ్వకూడదని అందులో ఉండొచ్చు. క్లెయిం పోయినా నెల కిస్తీ ఆగదు. హెచ్1బీ మీద ఉన్నవాళ్లు ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా అసలు మొదలుపెట్టొద్దు. తాళాలివ్వడం, కడగడం, బుకింగులు చూసుకోవడం పని కిందికి వస్తే ఇబ్బంది ఇన్సూరెన్స్‌తో ఆగదు.

ఇప్పుడు మేం ఆర్వీలు అద్దెకిప్పించే ప్లాట్‌ఫాం ద్వారానే ఇస్తున్నాం. ఆర్వీషేర్, అవుట్‌డోర్సీ లాంటివి అద్దె రోజులకి పాలసీ కలిపి ఇస్తాయి, డ్రైవర్ రికార్డు చూస్తాయి. మంచిదే, కానీ ఆ పాలసీ బుకింగ్‌లో రాసిన సమయానికి, ఆమోదం పొందిన డ్రైవర్‌కి మాత్రమే. సందులన్నీ ఇక్కడే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం మెసేజ్ వస్తుంది: "అక్కా, ఇంకో రోజు ఉంటాం, డబ్బులు మీకే డైరెక్ట్‌గా పంపేస్తాం." ఆ ఒక్క రోజు బండి ఎవరి పాలసీ కిందా ఉండదు. ప్లాట్‌ఫాంకి ఆ రోజు సంగతి తెలియదు, మీ సొంత కంపెనీకేమో అది అద్దె. పొడిగింపైనా, బావమరిది నడుపుతాడన్నా ప్లాట్‌ఫాంలోనే నమోదు కావాలి. నేనైతే మొహమాటపడను. బండిని క్యాంప్‌గ్రౌండ్‌కి మీరే చేర్చిపెట్టే పద్ధతుంటే ఆ దారిలో ఎవరి పాలసీయో కూడా ముందే అడగండి.

తిరిగివ్వకుండా పోయేవాళ్ల సంగతి వేరు. తాళం పగలగొట్టి ఎత్తుకుపోతే దొంగతనం. మీ చేత్తో తాళం ఇచ్చిన మనిషి బండితో మాయమైతే చాలా పాలసీలు దాన్ని దొంగతనంగా లెక్కగట్టవు. ఇష్టపూర్వకంగా అప్పగించారు కదా అంటాయి. ప్లాట్‌ఫాం పాలసీలో దీనికి ఏం రాశారో విడిగా చూడండి. మేం డాష్‌బోర్డు వెనక ఒక జీపీఎస్ ట్రాకర్ పెట్టాం, ఆ సంగతి అగ్రిమెంట్‌లోనే రాశాం.

లోపలి అరుగుదలకి, మరకలకి, వాసనకి మామూలుగా పాలసీలు డబ్బులివ్వవు. డిపాజిట్‌లోంచి పట్టుకోవాల్సిందే. ఒక కుటుంబం ఆర్వీ పొయ్యి మీద తాలింపు పెడితే పొగ అలారం మోగిందట, దాన్ని టవల్‌తో చుట్టేశారు! ఇంగువ వాసన పరుపుల్లోంచి పోవడానికి మూడు వారాలు పట్టింది. వాళ్లనేమంటాం, మేమూ అదే చేస్తాం.

టైర్ల మాట మాత్రం వివరంగా చెప్పాలి. 2005లో వచ్చిన గ్రేవ్స్ అమెండ్‌మెంట్ అనే ఫెడరల్ చట్టం ప్రకారం, అద్దెకు తీసుకున్నవాడు యాక్సిడెంట్ చేస్తే వాహన యజమాని అయినంత మాత్రాన అద్దె వ్యాపారం చేసేవాళ్ల మీద బాధ్యత పడదు. కానీ యజమాని నిర్లక్ష్యం ఉంటే, పాడైన టైర్లతో బండి ఇవ్వడం లాంటిది, ఆ రక్షణ లేదు. వారానికి ఒక బండి ఇచ్చే మనలాంటివాళ్లని వ్యాపారం కింద చూస్తారా అన్నదీ లాయర్లు వాదించుకునే విషయమే. ఆర్వీ టైర్లు మైళ్ల వల్ల కంటే ఏళ్ల వల్ల పాడవుతాయి. గాడులు కొత్తవాటిలాగే కనిపిస్తాయి. టైరు పక్కగోడ మీద డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 3516 అని ఉంటే 2016లో 35వ వారంలో తయారైందని. మా వెనక టైర్లలో లోపలి రెండింటి మీద అదే ఉంది. కోడ్ లోపలి వైపు ఉండటంతో బండి కింద దూరి ఫోన్ టార్చితో చూడాల్సి వచ్చింది. ఆరూ మార్పించి రసీదు దాచాను. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అదొక్కటే ఆధారం.

బండి ఇచ్చేటప్పుడు, తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి వీడియో తీస్తాను. నిచ్చెనెక్కి కప్పు కూడా తీస్తాను, ఎందుకంటే పాత లీకేజీయా కొత్త దెబ్బా అన్న గొడవ ఎప్పుడూ కప్పు దగ్గరే వస్తుంది. మైలేజీ, జనరేటర్ గంటలు ఫొటో తీసి వాళ్ల సంతకం తీసుకుంటాను.

ఇక ఎత్తు. మా పక్కనే డర్హంలో గ్రెగ్‌సన్ వీధి రైలు వంతెన ఉంది. 11 అడుగుల 8 అంగుళాల ఎత్తుతో ఏళ్ల తరబడి ట్రక్కుల పైకప్పులు ఒలిచి పేరు తెచ్చుకుంది. 2019లో 8 అంగుళాలు లేపారు, అయినా తగిలేవి తగులుతూనే ఉన్నాయి. మా బండి ఏసీతో కలిపి 11 అడుగుల 3 అంగుళాలు. స్టీరింగ్ ఎదురుగా పెద్ద అంకెలతో అతికించాను. అయినా తాళం చేతికిచ్చే ముందు నడిపేవాళ్లని "బండి ఎత్తెంత?" అని అడుగుతాను. స్టిక్కర్ వైపు చూడకుండా చెప్తేనే తాళం ఇస్తాను.