నిలబడ్డ చోటే కథ వినిపించాలంటే

ఒక చోటికి రాగానే ఆ చోటి కథ ఫోన్‌లో దానంతటదే వినిపించేలా ఆడియో తయారుచేస్తున్నారా? ముందే కథ రాసేసుకుని తర్వాత చోటు వెతుక్కోకండి. వీధిలో నడవండి, కాళ్లు ఆగిన చోట ఆగండి. మూసేసిన కిటికీ, గోడ మీద సగం చెరిగిన పేరు, అరిగిన మెట్టు... వినేవాళ్ల కంటికి ఆనేది ఏదో ఒకటి ఉండాలి. నేనైతే మొదటి వాక్యం దాని మీదే పెడతాను. "మీ ఎడమచేతి వైపు మూడో మెట్టు చూడండి" అంటే చాలు, చెవి మనకు అప్పగించేస్తారు.

ఆడియోని ఒకటిన్నర నిమిషం దాటనివ్వను. నిలబడి వినేవాళ్లకు కాళ్లు పీకుతాయి మరి!

ఇక జీపీఎస్. ఆరుబయట ఫోన్ సుమారు 5 మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. ఎత్తయిన భవనాల మధ్య సిగ్నల్ గోడలకు తగిలి వస్తుంది కాబట్టి మ్యాప్‌లో మన చుక్క పక్కవీధిలోకి గెంతేస్తుంది. అందుకే వినేవాళ్లు అడుగుపెట్టగానే కథ మొదలయ్యేలా మ్యాప్‌లో గీసే వలయాన్ని 20-30 మీటర్లకంటే తగ్గించను, రెండు వలయాల్ని ఒకదాని మీదొకటి పడనివ్వను. ఇరుకు సందుల్లో అయితే క్యూఆర్ కోడ్ అంటించడమే మేలు, గోడ యజమానిని అడిగాకే సుమా. 2003లో టొరంటోలో మొదలైన మర్మర్ ప్రాజెక్టుకు ఇవేవీ లేవు. చెవి ఆకారపు బోర్డు మీద ఫోన్ నంబరు, అంతే. డయల్ చేస్తే ఆ చోటి కథ వినిపించేది.

ఆడియో ముందే డౌన్‌లోడ్ అయ్యేలా పెట్టండి. రోడ్డు దాటుతుండగా మాత్రం ఏ కథా మొదలవకూడదు.