అమెరికాలో మొదటి సెమిస్టర్: గ్రేడ్ల భయంలో తొందరపడకండి

ఆగస్టులో ఎంఎస్‌కి అమెరికా వెళ్లే మన పిల్లల్లో చాలామందికి అసలు టెన్షన్ అక్టోబర్‌లో మొదలవుతుంది. మిడ్‌టర్మ్‌లో నూటికి 52 వస్తుంది. ఇంటర్ నుంచీ తొంభైకి తగ్గని వాళ్లకి ఆ అంకె చూడగానే కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కంగారులో చేసే పనులే తక్కువ మార్కుల కన్నా ఎక్కువ నష్టం తెస్తాయి. అందుకే ఈ సంగతులు విమానం ఎక్కకముందే తెలుసుకోండి.

మొదటి వారంలో ప్రొఫెసర్ ఇచ్చే సిలబస్‌లో పాఠాలతో పాటు దేనికి ఎంత వెయిటేజీ, ఆలస్యమైతే ఎంత కోత అన్నీ రాసి ఉంటాయి. దాన్ని ఒక పరీక్ష పేపర్‌లా చదవండి. మిడ్‌టర్మ్‌కి 20 శాతమే ఉంటే, 52 వచ్చినా మొత్తం మీద పోయింది పదిలోపే. అసైన్‌మెంట్లు, ప్రాజెక్టు ఇంకా మీ చేతిలోనే ఉన్నాయి. కొందరు ప్రొఫెసర్లు కర్వ్ వేస్తారు, అంటే క్లాసు మొత్తం ఎలా రాసిందో చూసి గ్రేడ్లు నిర్ణయిస్తారు. సగటు 48 ఉన్న క్లాసులో 52 చెడ్డ మార్కేమీ కాదు. అలాగని అందరూ కర్వ్ వేయరు. సీనియర్ల మాట నమ్మి కూర్చోకుండా ఆఫీస్ అవర్స్‌లో, అంటే విద్యార్థుల సందేహాల కోసం ప్రొఫెసర్ కేటాయించే సమయంలో, నేరుగా అడగండి. గ్రేడ్ ఎలా వేస్తారని అడిగితే అక్కడ ఎవరూ తప్పుగా అనుకోరు.

చాలా యూనివర్సిటీల్లో మాస్టర్స్‌కి జీపీఏ (గ్రేడ్ల సగటు) 3.0 కన్నా తగ్గితే అకడమిక్ ప్రొబేషన్‌లో పెడతారు, అంటే మెరుగుపడమని హెచ్చరించి గమనిస్తారు. ఏ అంటే 4, బీ అంటే 3, సీ అంటే 2. ఒక సీ వచ్చినా, అన్నే క్రెడిట్లున్న ఇంకో కోర్సులో ఏ తెచ్చుకుంటే లెక్క సరిపోతుంది. అందుకే మొదటి సెమిస్టర్‌లోనే కష్టమైన కోర్సులన్నీ ఒకేసారి తీసుకోవద్దు.

అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, భయపడి ఆన్‌లైన్‌లో కోర్సు డ్రాప్ చేసేయడం. పోర్టల్‌లో అది ఒక్క క్లిక్కే. కానీ ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉన్నవాళ్లు ఫుల్‌టైమ్ క్రెడిట్లకి తగ్గకూడదు. మాస్టర్స్‌కి చాలాచోట్ల అది 9 క్రెడిట్లు. తగ్గాల్సి వస్తే ముందుగా ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారి అయిన డీఎస్‌ఓ అనుమతి తీసుకోవాలి. డ్రాప్ చేశాక వెళ్లి అడిగితే అప్పటికే వీసా స్టేటస్ దెబ్బతిని ఉండొచ్చు. అక్కడి బోధనా పద్ధతి కొత్త కావడం, ఇంగ్లిష్‌తో తొలినాళ్ల ఇబ్బంది, స్థాయికి మించిన కోర్సులో చేరడం లాంటి కారణాలతో లోడ్ తగ్గించుకునే వీలు నిబంధనల్లోనే ఉంది. అయితే ఒక డిగ్రీ స్థాయిలో ఒక్కసారే, అదీ కనీసం సగం లోడ్ ఉంచుకుని. కాబట్టి ముందు డీఎస్‌ఓ, తర్వాతే క్లిక్. యాడ్-డ్రాప్ గడువు, విత్‌డ్రా గడువు రెండూ ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి. మొదటి గడువులోపు మానేసిన కోర్సు సాధారణంగా ట్రాన్‌స్క్రిప్ట్‌లో కనిపించదు. ఆ తర్వాతైతే డబ్ల్యూ (విత్‌డ్రా చేశారన్న గుర్తు) పడుతుంది. అది మామూలుగా జీపీఏలో కలవదు, కానీ కట్టిన ఫీజు చాలావరకు తిరిగి రాదు.

రెండో ప్రమాదం కాపీ. రూమ్‌మేట్ కోడ్‌లో వేరియబుల్ పేర్లు మార్చి ఇస్తే తెలియదనుకుంటారు. పోలికలు పట్టే సాఫ్ట్‌వేర్‌కి పేర్లతో పనిలేదు, నిర్మాణం చూస్తుంది. ఇచ్చినవాళ్లకీ శిక్ష పడవచ్చు. సున్నా వచ్చిన అసైన్‌మెంట్ నుంచి కోలుకోవచ్చు, రికార్డులో పడ్డ కేసు నుంచి కోలుకోవడం చాలా కష్టం. ఏఐ టూల్స్ వాడొచ్చా లేదా అన్నది కూడా ఒక్కో కోర్సులో ఒక్కోలా ఉంటుంది, అది కూడా సిలబస్‌లోనే చూసుకోండి.

తల్లిదండ్రులకు ఒక మాట. విద్యార్థుల రికార్డుల గోప్యత కోసం చేసిన 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం విద్యార్థి గ్రేడ్లు అతని అనుమతి లేకుండా యూనివర్సిటీ సాధారణంగా ఇంట్లోవాళ్లకి చెప్పదు. మీకు తెలిసేది బిడ్డ నోటి నుంచే. లోన్ గురించి, పక్కింటి వాళ్ల అబ్బాయి గురించి ఎత్తకుండా వినండి, అప్పుడే చెప్తారు. విద్యార్థులూ, నిద్ర పట్టక, తిండి సహించక రోజులు గడుస్తుంటే క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌కి వెళ్లండి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే 988 హెల్ప్‌లైన్‌కి కాల్ గానీ మెసేజ్ గానీ చేయండి, అమెరికాలో ఆ నంబర్ రాత్రీ పగలూ పనిచేస్తుంది.