ఫ్రెండ్ అడిగినా సరే, మీ ఎక్సెల్ ఫైల్ ఇవ్వకండి: యూకేలో అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్ చదవడానికి కొత్తగా వచ్చినవారికి

మొన్న ఆదివారం రాత్రి పదకొండు దాటాక మా ఇంట్లో కింది గదిలో ఉండే కుర్రాడు నా తలుపు తట్టాడు. సెప్టెంబర్‌లో వచ్చాడు, ఎమ్మెస్సీ అకౌంటింగ్ అండ్ ఫైనాన్స్. చేతిలో ఫోన్ ఉంది, మొహాన కత్తివేటుకు నెత్తుటి చుక్క లేదు. "అన్నా, ఇదొకసారి చదవవా" అన్నాడు. యూనివర్సిటీ నుంచి మెయిల్. అతని కార్పొరేట్ ఫైనాన్స్ అసైన్‌మెంట్‌కూ, క్లాస్‌లో ఇంకొకరి అసైన్‌మెంట్‌కూ పోలికలు కనిపించాయి, గురువారం వచ్చి వివరణ ఇవ్వాలి అని ఉంది. మెయిల్ వచ్చింది శుక్రవారం. రెండు రోజులు ఎవరికీ చెప్పకుండా లోపలే పెట్టుకున్నాడు, సరిగ్గా తిండి కూడా తినలేదు.

"నేను కాపీ కొట్టలేదన్నా. వాడు అడిగితే ఇచ్చానంతే" అన్నాడు.

సరిగ్గా ఇదే మాట నేనూ అన్నాను, 2023 జనవరిలో, ముగ్గురు మనుషుల ముందు కూర్చుని. అందుకే ఇది రాస్తున్నాను.

బ్యాంక్ ఖాతా, సిమ్ కార్డు, డాక్టర్ దగ్గర పేరు నమోదు, రైస్ కుక్కర్ తెచ్చుకోవాలా వద్దా, ఇవన్నీ మీకు కన్సల్టెన్సీ వాళ్లో సీనియర్లో చెప్పే ఉంటారు. వాటి జోలికి నేను వెళ్లను. ఎవరూ చెప్పనిది ఒకటే ఉంది. మీరు కష్టపడి చేసిన అసైన్‌మెంట్ ఫైల్‌ను ఇంకొకరికి పంపితే, ఇచ్చిన మీరు కూడా తప్పు చేసినట్టే. దీన్ని ఇక్కడ కొల్యూజన్ అంటారు. మొదటి వారంలో వచ్చే స్టూడెంట్ హ్యాండ్‌బుక్‌లో ఇది రాసి ఉంటుంది. మనం ఆ హ్యాండ్‌బుక్ తెరవం. నేనూ తెరవలేదు.

నేను వచ్చింది 2022 సెప్టెంబర్‌లో, మిడ్‌లాండ్స్‌లో ఒక ఊరికి. ఐదుగురం ఒకే ఇంట్లో, అందరం తెలుగువాళ్లమే. నా పక్క గది అబ్బాయిదీ నా కోర్సే. వారంలో మూడు రాత్రులు వేర్‌హౌస్‌లో పని, పొద్దున్నే వచ్చి రెండు గంటలు పడుకుని క్లాస్‌కు వెళ్లేవాడు. డిసెంబర్‌లో కార్పొరేట్ ఫైనాన్స్ అసైన్‌మెంట్ సోమవారం మధ్యాహ్నానికి ఇవ్వాలి. ఆదివారం రాత్రి కిచెన్‌లో నేను అన్నం వార్చుతుంటే వచ్చి, "ఒకసారి నీ షీట్ పంపు మామా, ఫార్మాట్ చూసుకుంటా అంతే" అన్నాడు. పంపాను. రెండో ఆలోచన కూడా రాలేదు. డిగ్రీలో రికార్డు పుస్తకం ఒక బెంచీ నుంచి ఇంకో బెంచీకి తిరగని రోజు లేదు కదా. అడిగితే ఇవ్వనివాడిని పొగరుబోతు అంటాం.

ఆ అసైన్‌మెంట్‌లో లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో ఉన్న ఒక కంపెనీని తీసుకుని దాని వెయిటెడ్ యావరేజ్ కాస్ట్ ఆఫ్ క్యాపిటల్ కట్టాలి. షేర్ల డబ్బుకూ, అప్పుకూ కలిపి కంపెనీకి సగటున ఎంత శాతం ఖర్చు పడుతుందో ఆ లెక్క, అందరూ వ్యాక్ అంటారు. నాకు తెలియని సంగతి ఏమిటంటే, లండన్‌లో షేరు ధరను పెన్నీల్లో చెబుతారు. స్క్రీన్ మీద 250 అని కనిపిస్తే అది 250 పెన్స్, అంటే రెండున్నర పౌండ్లు. నేను 250 పౌండ్లు అనుకున్నాను. లెక్క తేలిగ్గా ఉండటానికి గుండ్రంగా చెబుతాను. వంద కోట్ల షేర్లు ఉంటే ఈక్విటీ, అంటే షేర్ల మొత్తం విలువ, 250 కోట్ల పౌండ్లు రావాలి, నా షీట్‌లో 25,000 కోట్ల పౌండ్లు వచ్చింది. అప్పు వంద కోట్ల పౌండ్లు అనుకోండి. సరిగ్గా వేస్తే మొత్తం మూలధనంలో ఈక్విటీ వాటా 71 శాతం చుట్టూ ఉండాలి. నాకు 99.6 వచ్చింది. అనుమానం రావాల్సింది. రాలేదు.

మా ఇద్దరి షీట్లలోనూ అదే 99.6. అతను పేర్లు మార్చాడు, రంగులు మార్చాడు, వాక్యాలన్నీ తిరగరాశాడు. తప్పు మాత్రం అలాగే ఉండిపోయింది. సరైన జవాబు నూరుమందికి ఒకేలా రావచ్చు, తప్పుడు జవాబు ఒకే దశాంశం దాకా ఇద్దరికి రావడం అరుదు. పేపర్ దిద్దేవాళ్లు ముందు చూసేది అదే. పైగా ఎక్సెల్ ఫైల్ ప్రాపర్టీస్‌లో ఆథర్ దగ్గర నా పేరే ఉంది.

మీటింగ్‌లో బల్ల మీద రెండు ప్రింట్లు పక్కపక్కన పెట్టారు. రెండింటిలోనూ ఒకే గడికి పసుపు రంగు మార్కర్ పూసి ఉంది. ఎవరూ గొంతు పెంచలేదు. "ఈ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చింది?" అని అడిగారు. నేను చెప్పగలిగాను, తప్పుగానే అయినా నా దారి నాకు తెలుసు కాబట్టి. అతను చెప్పలేకపోయాడు. ఆ గదిలో అతని పక్కన కూర్చుని అతని చేతుల వైపు చూడలేకపోయాను. నాకు మళ్లీ రాసే అవకాశం ఇచ్చారు, కానీ ఎంత బాగా రాసినా ఆ అసైన్‌మెంట్‌కు 50 దాటదు. అతనికి ఆ మాడ్యూల్, అంటే ఆ సబ్జెక్టు, మొత్తం మళ్లీ. ఆ తర్వాత ఒకే ఇంట్లో ఉంటూ ఏడు నెలలు మేం సరిగ్గా మాట్లాడుకోలేదు. మార్కుల కంటే అదే నాకు ఎక్కువ బాధ.

కాబట్టి తమ్ముడూ, చెల్లీ, ఎవరు అడిగినా ఫైల్ ఇవ్వకండి. ఊరివాడు అడిగినా, మీకు జ్వరం వచ్చినప్పుడు చారు పెట్టి ఇచ్చినవాడు అడిగినా సరే. ఫార్మాట్ కోసం అన్నా ఇవ్వకండి, ఫొటో తీసి పంపమన్నా పంపకండి. "ఫైల్ ఇవ్వను, కానీ కూర్చుందాం రా, ఫార్ములా చెబుతాను" అనండి. లెక్చరర్ క్లాస్‌లో చేసిన లెక్కను కలిసి చేయండి. గ్రూప్ వర్క్ అని స్పష్టంగా చెప్పిన అసైన్‌మెంట్ అయితే వేరు. మిగతా వాటికి కలిసి అర్థం చేసుకున్నాక ఎవరి ల్యాప్‌టాప్‌లో వారు ఖాళీ షీట్ తెరిచి మొదలుపెట్టాలి. వాడికి కోపం వస్తే రానివ్వండి, ఆ కోపం నాలుగు రోజుల్లో పోతుంది.

ఇంకో అలవాటు చేసుకోండి. మీ ఎక్సెల్‌లో చివర ఒక షీట్ పెట్టి, ప్రతి అంకె పక్కన అది ఎక్కడిదో రాయండి. వార్షిక నివేదికలో ఫలానా పేజీ, షేరు ధర ఫలానా తేదీది, పెన్నీల్లో ఉంటే వందతో భాగించాను, ఇలాగ. రెండు మూడు రోజులకోసారి పేరు చివర తేదీ పెట్టి కొత్త కాపీ సేవ్ చేయండి. రేపు ఎవరైనా పిలిచి అడిగితే మీ పని మీదేనని చూపించేది అదే.

అసలు ఈ అడగడాలు ఎక్కడ మొదలవుతాయో అందరికీ తెలుసు. టైమ్ లేక. స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో వారానికి 20 గంటలే పని. వారం అంటే సోమవారం నుంచి ఆదివారం దాకా. ఒక వారం 10 చేసి ఇంకో వారం 30 చేస్తే సగటు 20 కదా అనే లెక్క కుదరదు. మాస్టర్స్ వాళ్లకు జూన్ నుంచి సెప్టెంబర్ దాకా డిసర్టేషన్ (చివరి పరిశోధన వ్యాసం) రాసే కాలం కూడా టర్మే, అది వేసవి సెలవు కాదు. డిగ్రీ చదివేవాళ్లు అప్పుడు ఫుల్‌టైమ్ చేస్తుంటే చూసి మీరూ మొదలుపెట్టకండి. సొంత ఖాతా మీద చేసే ఫుడ్ డెలివరీ అయితే అసలే కూడదు, అది స్వయం ఉపాధి కిందికి వస్తుంది. ఇంకొకరి ఖాతా మీద చేయడం ఇంకా ప్రమాదం.

20 గంటలే కదా అనుకుంటారు. రాత్రి షిఫ్టులు మూడు చేసి చూడండి, మిగిలిన నాలుగు రోజులు నిద్రకే చాలవు. మొదటి రెండు నెలలు వారానికి 12 గంటలు మించి పెట్టుకోవద్దని నా మాట. డబ్బు సంగతి నాకు తెలియక కాదు. మా నాన్న పొలం మీద తెచ్చిన అప్పుతోనే నేనూ వచ్చాను.

గడువుకు అందుకోలేకపోతున్నారా? ముందే చెప్పండి. జబ్బు చేసినా, ఇంట్లో ఎవరికైనా బాగోలేకపోయినా అదనపు గడువు అడిగే పద్ధతి ప్రతి యూనివర్సిటీలోనూ ఉంది, చాలాచోట్ల ఆధారం చూపించాలి. ఏదీ కుదరకపోతే ఆలస్యంగానైనా ఇవ్వండి, చాలాచోట్ల కొన్ని మార్కులు కోస్తారు. కోసిన మార్కులతో మాడ్యూల్ దాటొచ్చు, కొల్యూజన్ మచ్చ రికార్డులో పడితే దాటడం కష్టం. వాట్సాప్ గ్రూపుల్లో "అసైన్‌మెంట్ హెల్ప్" అని వచ్చే వాళ్ల నంబర్‌ను బ్లాక్ చేయండి. ఇంగ్లండ్‌లో 2022 చట్టం ప్రకారం డబ్బు తీసుకుని అలా రాసివ్వడం, దానికి ప్రకటన ఇవ్వడం నేరం. డబ్బు తీసుకున్నాక "మీ యూనివర్సిటీకి చెబుతాం" అని బెదిరించి మళ్లీ మళ్లీ గుంజేవాళ్లు ఉన్నారు.

ఇంత చెప్పి చదువు గురించి చెప్పకపోతే ఎలా. నా మొదటి వ్యాసానికి 47 వచ్చింది. టెస్కో, సెయిన్స్‌బరీస్ లెక్కలు పోల్చమన్నారు. రేషియోలన్నీ కట్టి, "కరెంట్ రేషియో 1 కన్నా తక్కువ, కాబట్టి కంపెనీ పరిస్థితి బాగోలేదు" అని రాశాను. ఏడాదిలో చేతికొచ్చే ఆస్తులను ఏడాదిలో కట్టాల్సిన బాకీలతో భాగిస్తే వచ్చేదే కరెంట్ రేషియో. పక్కన ట్యూటర్ ఒక్క ప్రశ్న రాశారు: ఎందుకు? సూపర్‌మార్కెట్‌కు డబ్బు కౌంటర్ దగ్గరే వచ్చేస్తుంది, సరుకు ఇచ్చినవాళ్లకు వారాల తర్వాత కడుతుంది. అలాంటి వ్యాపారానికి 1 కన్నా తక్కువ ఉండటం మామూలే. బీకామ్‌లో 2 ఉండాలని చదివింది చదివినట్టు రాసేశాను. ఇక్కడ అంకె కట్టినందుకు మార్కులు కొంచెమే, అది ఎందుకలా ఉందో మీ మాటల్లో వాదించినందుకే మిగతావన్నీ. కోట్లు, మిలియన్లు కలిసిపోకుండా చూసుకోండి, పది లక్షలు ఒక మిలియన్. గేరింగ్ అని వినిపిస్తే కంగారు పడకండి, మనం లెవరేజ్ అనేదే, మూలధనంలో అప్పు పాలు.

కార్పొరేట్ గవర్నెన్స్ క్లాస్‌లో ఒకరోజు సత్యం కేసు వచ్చింది. హైదరాబాద్ కంపెనీ, 2009 జనవరి 7న ఛైర్మన్ లేఖతో బయటపడింది, పుస్తకాల్లో ఉన్న నగదు, బ్యాంక్ నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవు. ఆ రోజు క్లాస్‌కు వచ్చిన తెలుగువాడిని నేనొక్కడినే అనుకుంటా, లెక్చరర్ నన్నే లేపారు. ఊరూ పేరూ చెప్పాను. "బ్యాంకులో డబ్బు ఉందో లేదో ఆడిటర్ ఎలా తెలుసుకోవాలి?" అని అడిగారు. తడబడ్డాను. బ్యాంకుకు తానే నేరుగా రాసి, జవాబు తానే నేరుగా తెప్పించుకోవాలి, కంపెనీ చేతికిచ్చిన కాగితం నమ్మకూడదు అని ఆయనే చెప్పారు. మీటింగ్ అయిపోయి మూడు వారాలే అయింది అప్పటికి. నా స్నేహితుడు నా 99.6ను ఎలా తీసుకున్నాడో గుర్తొచ్చింది.

డిగ్రీ అయ్యాక సంగతి కూడా ఒక మాట. పెద్ద సంస్థల గ్రాడ్యుయేట్ ఉద్యోగాలకు దరఖాస్తులు మీరు విమానం దిగే నెలలోనే తెరుచుకుంటాయి, జనవరిలో చూద్దాం అనుకోకండి. చదువయ్యాక ఇక్కడ పని చేసుకోవడానికి ఇచ్చే గ్రాడ్యుయేట్ వీసా మాస్టర్స్ వాళ్లకు 2026 డిసెంబర్ 31 లోపు దరఖాస్తు చేస్తే రెండేళ్లు, 2027 జనవరి 1 నుంచి చేస్తే 18 నెలలే. ఏసీసీఏ (ఇక్కడి అకౌంటెంట్ అర్హత పరీక్షలు) రాసే ఆలోచన ఉంటే మీ బీకామ్‌కూ, ఈ ఎమ్మెస్సీకీ ఏ పేపర్లు మినహాయిస్తారో వాళ్ల సైట్‌లోనే చూసుకోండి, సీనియర్ మాట మీద ఫీజు కట్టకండి.

ఇక ఇప్పటికే మెయిల్ వచ్చినవాళ్లకు. భయపడే విషయమే, కాదనను. కానీ మొదటిసారి ఇలాంటి తప్పుకు సాధారణంగా ఇంటికి పంపించేయరు. వెంటనే స్టూడెంట్స్ యూనియన్ అడ్వైస్ సెంటర్‌కు వెళ్లండి. చాలా యూనివర్సిటీల్లో అది యాజమాన్యానికి సంబంధం లేకుండా, ఉచితంగా పనిచేస్తుంది, మీటింగ్‌కు మీతో మనిషి కూడా రావచ్చు. నేను వెళ్లలేదు, అలాంటిదొకటి ఉందని తెలియలేదు. జరిగింది జరిగినట్టు చెప్పండి. ఇద్దరూ కూర్చుని కథ అల్లుకుని వెళ్లొద్దు.

మార్కుల గురించి ఏడ్చేవాళ్లకు కూడా చెబుతాను, ఇంట్లో ఫోన్‌లో 62 అని చెప్పడానికి సిగ్గుపడకండి. ఇక్కడ 50 పాస్, 60 మెరిట్, 70 డిస్టింక్షన్. మొత్తం 180 క్రెడిట్లు, అందులో చాలాచోట్ల 60 డిసర్టేషన్‌వే. మొదటి టర్మ్‌లో పోయింది ఎండాకాలంలో తిరిగి సంపాదించుకోవచ్చు. ఒక 47, ఒక 50తో మొదలుపెట్టి నేను మెరిట్‌తో బయటపడ్డాను.

మా కింది గది కుర్రాడు నిన్న అడ్వైస్ సెంటర్‌కు వెళ్లొచ్చాడు. తన పాత కాపీలన్నీ తేదీలవారీగా ప్రింట్ తీసుకున్నాడు. ఫైల్ తీసుకున్న అబ్బాయితో మాట్లాడావా అంటే తల అడ్డంగా ఊపాడు. వెళ్లి ఒక్కసారి పలకరించి రమ్మన్నాను, కేసు గురించి కాదు, తిన్నావా అని అడగడానికి. గురువారం మధ్యాహ్నం రెండింటికి మీటింగ్. నా షిఫ్ట్ మార్పించుకున్నాను, బయట కారిడార్‌లో కూర్చుంటాను.