పెద్దపేగు క్యాన్సర్: జన్యు పరీక్షల రిపోర్టును ఎలా చదవాలి?

పెద్దపేగు క్యాన్సర్ నిర్ధారణ అయ్యాక వచ్చే జన్యు పరీక్షల రిపోర్టులో ప్రతి ఫలితాన్నీ రెండు ప్రశ్నలతో చదవాలి. వ్యాధి ఎలా ముదిరే అవకాశముంది? ఏ మందు పనిచేసే అవకాశముంది? ఒక ప్రశ్నకు వచ్చిన జవాబును రెండోదానికి అంటగట్టకూడదు.

ముందుగా చూడవలసింది ఎంఎంఆర్ (డీఎన్‌ఏ తప్పులను దిద్దే మరమ్మతు వ్యవస్థ) ఫలితం. ఎంఎల్‌హెచ్1, పీఎంఎస్2, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6 అనే నాలుగు ప్రోటీన్లు కణం తన డీఎన్‌ఏకు నకలు తీసుకునేటప్పుడు దొర్లే తప్పులను సరిదిద్దుతాయి. వీటిలో ఏదైనా 'లాస్' అని రాసి ఉంటే కణితిలో ఆ మరమ్మతు ఆగిపోయిందని అర్థం; పీసీఆర్ పద్ధతిలో పరీక్షిస్తే ఇదే లోపం సాధారణంగా 'ఎంఎస్ఐ-హై'గా (డీఎన్‌ఏలో పదేపదే వచ్చే చిన్న వరుసల నిడివి బాగా మారిపోయిన స్థితి) బయటపడుతుంది. ఆ మాట చూసి చాలామంది బెంబేలెత్తుతారు గానీ, తప్పులు పేరుకుపోయిన కణితి వింత ప్రోటీన్లను తయారు చేయడం వల్ల రోగనిరోధక కణాలు దానిని సులువుగా గుర్తుపడతాయి. అందుకే రెండో దశలో ఇలాంటి కణితి తిరగబెట్టే ముప్పు తక్కువ; 5-ఎఫ్‌యూ అనే మందు ఒక్కటే ఇచ్చే కీమోథెరపీ వల్ల అక్కడ పెద్దగా ప్రయోజనం ఉండదు. ఇతర అవయవాలకు పాకిన దశలో ఈ లోపం సుమారు 5 శాతం మందిలోనే కనిపిస్తుంది. అయితే 2020లో వెలువడిన కీనోట్-177 అనే క్లినికల్ ట్రయల్ ఫలితాల ప్రకారం, అలాంటి వారిలో వ్యాధి ముదరకుండా గడిచిన మధ్యస్థ కాలం కీమోథెరపీతో 8.2 నెలలు కాగా పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుతో (రోగనిరోధక శక్తిని కణితిపైకి ఉసిగొల్పే మందు) 16.5 నెలలు. కనుక వ్యాధి పాకినవారికి మొదటి మందు మొదలుపెట్టక ముందే, వీలైనంత వరకు, ఈ ఫలితం డాక్టరు చేతిలో ఉండాలి.

ఎంఎల్‌హెచ్1 లోపించినట్టు తేలితే వెంటనే బీరాఫ్ అనే జన్యువు ఫలితం చూడండి. అందులో వీ600ఈ అనే మ్యుటేషన్ (జన్యువులో మార్పు) ఉంటే లోపం వంశపారంపర్యం కాకపోవడానికే అవకాశం ఎక్కువ. అది లేక, ఎంఎల్‌హెచ్1 ప్రమోటర్ మిథైలేషన్ (ఆ జన్యువును పనిచేయకుండా ఆపే రసాయన ముద్ర) కూడా లేకపోతే లించ్ సిండ్రోమ్‌ను (వంశపారంపర్యంగా క్యాన్సర్ ముప్పు పెంచే స్థితి) అనుమానించి, జన్యు సలహా తీసుకుని రక్తపరీక్ష చేయించాలి. ఇది తోబుట్టువులకూ పిల్లలకూ సంబంధించిన విషయం. ఎంఎంఆర్ సవ్యంగా ఉండి వ్యాధి పాకినవారిలో వీ600ఈ ఉండటం గడ్డు సూచన. ఎంఎస్ఐ-హై కణితిలో మాత్రం అది ఉన్నంత మాత్రాన ఇమ్యునోథెరపీని వదులుకోనక్కరలేదు.

కేరాస్, ఎన్‌రాస్ జన్యువుల్లో మ్యుటేషన్లు ఉంటే సాధారణంగా సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ అనే మందులు పనిచేయవు.

చివరగా పోల్ జన్యువు. ఎంఎంఆర్ సవ్యంగా ఉన్నా, ఈ జన్యువులో తప్పులు దిద్దే ఎక్సోన్యూక్లియేజ్ భాగం చెడిపోతే కణితిలో మ్యుటేషన్లు విపరీతంగా పెరిగి ఇమ్యునోథెరపీకి లొంగవచ్చు. ఇది అరుదు. పోల్ పేరు కనిపించగానే ఆశ పెట్టుకోకుండా, మ్యుటేషన్ ఆ భాగంలోనే ఉందా, హానికరమైనదిగా నిర్ధారణ అయినదేనా అని డాక్టరును అడగండి.