కారు ఏసీ బ్లోవర్ మొరాయిస్తే ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా?

ఏసీ నుంచి గాలి రావడం లేదని చెప్పగానే “గ్యాస్ నింపాలి” అనే మెకానిక్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఆగకండి. గ్యాస్ తగ్గితే గాలి వస్తుంది, చల్లగా ఉండదు, అంతే. అసలు గాలే రాకపోతే తప్పు బ్లోవర్‌లోనో (గాలిని తోసే మోటారు ఫ్యానులోనో), దానికి కరెంటు అందే దారిలోనో ఉంటుంది. ఇంత చిన్న తేడా తెలియక ఏటా ఎండాకాలంలో వేలకు వేలు వదిలించుకునే వారిని చూసి విసిగిపోయి ఇది రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేది 1 నుంచి 4 వరకు అంకెలున్న గుండ్రటి మీటతో నడిచే మామూలు ఏసీ గురించి. ఉష్ణోగ్రతను తానే సర్దుకునే ఆటోమేటిక్ ఏసీలో రెసిస్టర్ (మోటారుకు వెళ్లే కరెంటును అడ్డుకుని స్పీడు తగ్గించే భాగం) బదులు ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఉంటుంది. దాని జోలికి వెళ్లకండి.

కావలసినవి: స్టార్ స్క్రూడ్రైవర్, 10 నంబరు స్పానర్, మల్టీమీటర్, పాత హెడ్‌లైట్ బల్బు, రెండు వైర్లు, టార్చి. తప్పు ఎక్కడుందో వెతకడానికి ఇంతకు మించి కొనమని ఎవరు చెప్పినా వినకండి.

ముందు మీట తిప్పి చూడండి

తాళం ఆన్ చేసి ఒక్కో అంకె దగ్గరా ఆగండి. చివరి స్పీడులో మాత్రమే గాలి వస్తే దాదాపు కచ్చితంగా రెసిస్టర్ పోయినట్టే. తక్కువ స్పీడుల్లో కరెంటు రెసిస్టర్ గుండా వెళ్తుంది, చివరి స్పీడులో దాన్ని తప్పించుకుని నేరుగా మోటారుకు చేరుతుంది. ఏ స్పీడులోనూ రాకపోతే ఫ్యూజు, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును కలిపే స్విచ్చు), మీట, కనెక్టర్, మోటారు వరసగా చూడాలి. డాష్‌బోర్డు కింద చేత్తో తడితే తిరగడం మొదలైతే మోటారులో బ్రష్షులు (తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ ముక్కలు) అరిగిపోయాయి. బ్రష్షులు మార్చి వాడుకోవచ్చని కొందరంటారు. నేనైతే మోటారే మార్చమంటాను.

బ్లోవర్ హోరు వినిపిస్తూ గాలి మాత్రం సన్నగా వస్తే క్యాబిన్ ఫిల్టర్ తీసి చూడండి. దుమ్ముతో అట్టలా గట్టిపడి ఉంటుంది. దులిపి మళ్లీ పెట్టకుండా కొత్తది వేయండి. బయలుదేరినప్పుడు బాగా వచ్చిన గాలి గంట ప్రయాణం తర్వాత తగ్గిపోయి, కాసేపు ఏసీ ఆపితే మళ్లీ వస్తుంటే లోపల కూలింగ్ కాయిల్ మీద మంచు పేరుకుంటోంది. అందులో బ్లోవర్ తప్పేమీ లేదు.

ఫ్యూజు, మోటారు

ఫ్యూజు పెట్టె మూత మీద బ్లోవర్ ఫ్యూజు ఎక్కడుందో, ఎంతదో రాసి ఉంటుంది. చాలా కార్లలో 30 ఆంపియర్లది, ఆకుపచ్చ రంగులో ఉంటుంది. కాలిపోతే సరిగ్గా అంతదే వేయండి. వేసిన వెంటనే మళ్లీ కాలితే మోటారు బిగుసుకుపోయిందని గానీ, వైరు ఎక్కడో తగులుతోందని గానీ అర్థం. పెద్ద ఫ్యూజు వేస్తే అప్పుడు కాలేది వైరు.

బ్యాటరీ నెగెటివ్ వైరు విప్పి కొన్ని నిమిషాలు ఆగి, అప్పుడు గ్లవ్ బాక్స్ తీయండి. అక్కడ పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోకండి. మన కార్లలో బ్లోవర్ సాధారణంగా ఎడమవైపు, గ్లవ్ బాక్స్ వెనకో కిందో ఉంటుంది. మూడు స్క్రూలు విప్పితే చేతిలోకి వస్తుంది. చెట్టు కింద నిలిపే కారైతే బ్లోవర్ చక్రంలో ఎండిన వేపాకులు, సెల్లారులో నిలిపేదైతే ఎలుక కొరికి పోగుచేసిన కాగితపు ముక్కలు, వేరుశనగ తొక్కలు దొరుకుతాయి. టకటకమనే చప్పుడుకు కారణం చాలాసార్లు ఇవే. శుభ్రం చేసి చేత్తో తిప్పండి. బరువుగా తిరిగినా, గరగరలాడినా మోటారు మార్చాల్సిందే.

అందరూ తప్పు చేసే చోటు: కనెక్టర్

రెసిస్టర్ పోయిందని కొత్తది తెచ్చి, వైర్ల చివర ఉండే పాత సాకెట్‌లోకే (కనెక్టర్‌లోకే) నొక్కేస్తారు. కొన్ని నెలలకు అదీ పోతుంది. అప్పుడు “డూప్లికేట్ సరుకు” అని దుకాణదారుడిని తిట్టుకుంటారు. నిజానికి దోషం సాకెట్‌లో ఉంది. అక్కడ పిన్ను పట్టు వదులైతే ఆ చోట వేడి పుడుతుంది, వేడికి పట్టు మరింత వదులవుతుంది. టార్చి వేసి చూడండి: ఒక పిన్ను చుట్టూ తెల్లటి ప్లాస్టిక్ గోధుమరంగుకు తిరిగి, అంచు కరిగి వంగి ఉంటే ఆ సాకెట్ ఇక పనికిరాదు. ఉప్పు కాగితంతో రుద్ది మళ్లీ పెట్టడం మరమ్మతు కాదు.

పైకి బాగానే కనిపించినా నమ్మకండి. బ్యాటరీ వైరు తిరిగి తగిలించాక చాలామంది చేసేది, మోటారు కనెక్టర్ ఊడదీసి మల్టీమీటర్ పెట్టి, 12 వోల్టులు చూపించగానే “కరెంటు వస్తోంది, మోటారే పోయింది” అని తేల్చేయడం. ఆ అంకె మోసం చేస్తుంది. మీటరు తీసుకునే కరెంటు నామమాత్రం. సగం కాలిన కనెక్టర్ గుండా కూడా 12 వోల్టులు చక్కగా కనిపిస్తాయి. భారం పడినప్పుడే అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే నేను మీటరు కంటే ముందు హెడ్‌లైట్ బల్బు వాడతాను, మీరూ అదే చేయండి. బల్బులో ఒక ఫిలమెంటుకు (వెలిగే తీగకు) చెందిన రెండు పిన్నులకు ఒక్కో వైరు కట్టి, మోటారు కనెక్టర్ రెండు పిన్నులకు తగిలించి, మీట చివరి స్పీడుకు తిప్పండి. తెల్లగా వెలిగితే కరెంటు దారి చాలావరకు బాగానే ఉంది. ఎర్రగా, మందంగా వెలిగితే దారిలో ఎక్కడో పట్టు తప్పింది. ఈ బల్బు క్షణాల్లో చేయి కాలేంత వేడెక్కుతుంది, సీటు మీదా ప్లాస్టిక్ మీదా పెట్టకండి.

55 వాట్ల బల్బు లాగేది అయిదు ఆంపియర్ల లోపే, మోటారు దానికి రెట్టింపుకు పైగా లాగుతుంది. కాబట్టి బల్బు బాగా వెలిగాక కూడా ఒక పరీక్ష మిగిలుంటుంది. కనెక్టర్ మోటారుకు పెట్టి చివరి స్పీడులో నడుపుతూ, వెనకవైపు నుంచి మీటరు సూదులు దూర్చి వోల్టేజీ చూడండి. అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఎంతుందో చూడండి. రెండింటికీ తేడా ఒక వోల్టు దాటితే కనెక్టర్లు, రిలే, ఎర్త్ వైరు బిగింపు అన్నీ ఒక్కొక్కటిగా చూడక తప్పదు.

సాకెట్ మార్చేటప్పుడు మళ్లీ బ్యాటరీ వైరు విప్పండి. వైర్లతో సహా దొరికే కొత్త సాకెట్ కొని, పాత వైర్లంత మందంగా ఉన్నాయో లేదో చూసుకోండి. అన్ని వైర్లూ ఒకేసారి కత్తిరించకండి. ఒకటి కత్తిరించి, దాన్ని కలిపి, తర్వాతే రెండోది. మెలిపెట్టి టేపు చుట్టే పద్ధతి ఇంటి కాలింగ్ బెల్లుకు సరిపోతుందేమో గానీ బ్లోవర్‌కు కాదు. క్రింపు చేసి (చిన్న లోహపు గొట్టంలో వైర్లు దూర్చి పట్టుకారుతో నొక్కి బిగించి), వేడికి ముడుచుకునే స్లీవు తొడగండి.

రెసిస్టర్

ఇది గాలి వెళ్లే దారిలోనే రెండు స్క్రూలతో బిగించి ఉంటుంది. ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది, ఫిల్టర్ మూసుకుపోతే ఇది మాడిపోవడానికి కారణం అదే. నడిపిన వెంటనే ముట్టుకోకండి. అందులో అతిగా వేడెక్కితే తెగిపోయే ఫ్యూజు ఉంటుంది, దాన్ని వైరు ముక్కతో కలిపేసి “అయిపోయింది సార్” అనేవారున్నారు. అది కారుకు నిప్పు పెట్టే పని. పాతది తీసి కొత్తది బిగించడానికి పది నిమిషాలు చాలు. కొత్త సాకెట్‌తో, కొత్త ఫిల్టర్‌తో కూడా అది మళ్లీ కాలితే మోటారే ఎక్కువ కరెంటు లాగుతోంది.

గ్లవ్ బాక్స్ మూసేముందు బ్యాటరీ వైరు తగిలించి, ఒక్కో స్పీడులో అయిదు నిమిషాలు నడిపి, ఆపి, సాకెట్ పైభాగాన్ని వేలితో తాకండి. గోరువెచ్చగా ఉంటే బిగించేయండి. వేలు నిలవనంత వేడిగా ఉంటే క్రింపులు కత్తిరించి మళ్లీ చేయండి.