పాస్‌వర్డ్ సేవ్ చేయమంటారా అని బ్రౌజర్ అడగాలంటే లాగిన్ ఫామ్ ఎలా రాయాలి

ఇందుకూరుపేట వైపు ఒక రొయ్యల మేత దుకాణానికి బాకీల లెక్క చూసుకునే వెబ్ అప్లికేషన్ చేసిచ్చాను. నెల తర్వాత వెళ్తే, కంప్యూటర్ పక్కన గోడ క్యాలెండర్ మీద నీలం పెన్నుతో లాగిన్ పాస్‌వర్డ్ రాసి ఉంది, మేత బస్తాల కోసం వచ్చిన ప్రతి రైతుకీ కనపడేలా. "ఏందన్నా, మిగతా సైట్లన్నీ సేవ్ చేయమంటారా అని అడుగుతాయి, నీది అడగదు, రోజూ ఎక్కడ గుర్తుపెట్టుకునేది" అన్నాడు గుమస్తా. అతను అడిగింది న్యాయమే. లోపం నేను రాసిన ఫామ్‌లోనే ఉంది.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ పెట్టెలు రెండూ ఒకే ఫామ్ ట్యాగ్ లోపల ఉన్నాయో లేదో ముందు చూడండి. నేను ఊరికే డివ్‌లు (పేజీలో భాగాలు విడదీసే మామూలు ట్యాగ్‌లు) పెట్టి, బటన్‌కి ఆన్‌క్లిక్ (నొక్కగానే నడిచే కోడ్) తగిలించి వదిలేశాను. మన కంటికి అది లాగిన్ పేజీయే, బ్రౌజర్ మాత్రం ఊహించుకోవాల్సి వస్తుంది. ఫామ్ పెట్టి, బటన్ టైప్ సబ్మిట్ అని ఇచ్చి, సబ్మిట్ ఈవెంట్‌లో ప్రివెంట్‌డిఫాల్ట్ పిలిచి (పేజీ తనంతట తాను మళ్లీ లోడ్ అవకుండా), అక్కడి నుంచి జావాస్క్రిప్ట్ ఫెచ్‌తో వివరాలు సర్వర్‌కి పంపుకోండి. ఎంటర్ కొడితే లాగిన్ అవడం కూడా దాంతోనే వచ్చేస్తుంది.

తర్వాతది ఆటోకంప్లీట్, అంటే ఏ పెట్టెలో ఏం నింపాలో బ్రౌజర్‌కి చెప్పడానికి పెట్టెకి ఇచ్చే గుర్తు. యూజర్ పెట్టెకి "యూజర్‌నేమ్", లాగిన్ పాస్‌వర్డ్‌కి "కరెంట్-పాస్‌వర్డ్", రిజిస్ట్రేషన్‌లోనూ పాస్‌వర్డ్ మార్చేచోటా "న్యూ-పాస్‌వర్డ్", ఓటీపీకి "వన్-టైమ్-కోడ్" (ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో హైఫన్‌తో రాయాలి). న్యూ-పాస్‌వర్డ్ అని చెప్తేనే అక్కడ పాత పాస్‌వర్డ్ నింపకుండా కొత్త గట్టి పాస్‌వర్డ్ సూచించాలని బ్రౌజర్‌కి తెలుస్తుంది. ఆటోకంప్లీట్ ఆఫ్ పెట్టి సెక్యూరిటీ వచ్చిందనుకోకండి, లాగిన్ పెట్టెల విషయంలో ఇప్పటి బ్రౌజర్లు చాలావరకు దాన్ని పట్టించుకోవు. కోడ్‌లో పెట్టెలకి ఇచ్చే ఐడీలు, నేమ్‌లు పేజీ తెరిచినప్పుడల్లా మారిపోయేలా కూడా వద్దు.

ముందు ఫోన్ నంబరు, తర్వాతి పేజీలో పాస్‌వర్డ్ అడిగే పద్ధతి అయితే, ఆ రెండో పేజీలో కూడా నంబరున్న యూజర్‌నేమ్ పెట్టె ఒకటి ఉంచి, టైప్ టెక్స్ట్‌గానే వదిలి సీఎస్ఎస్‌తో దాచండి. అది లేకపోతే పాస్‌వర్డ్ ఎవరిదో తెలియక పేరు లేకుండానే సేవ్ అవుతుంది, ఒకే కంప్యూటర్‌లో ముగ్గురు లాగిన్ అయ్యే దుకాణాల్లో అదే పెద్ద తలనొప్పి.

నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది మాత్రం బటన్. రెండు పెట్టెలూ నిండేదాకా బటన్ డిసేబుల్ అయ్యేలా రాశాను. క్రోమ్ పేజీ తెరవగానే తనే నింపుతుంది, పెట్టెల్లో చుక్కలు కనపడతాయి, కానీ మనిషి పేజీ మీద ఎక్కడో ఒకచోట క్లిక్ చేసేదాకా ఆ విలువను జావాస్క్రిప్ట్‌కి ఇవ్వదు. నా కోడ్‌కి పెట్టె ఖాళీ, కాబట్టి బటన్ బూడిద రంగులోనే ఉండిపోయింది, గుమస్తా మాత్రం అన్నీ నిండినాయి కదా అని దాన్నే చూస్తూ కూర్చున్నాడు. బటన్ ఎప్పుడూ పనిచేసేలా ఉంచి, ఖాళీ ఉందా లేదా అన్నది సబ్మిట్‌లో చూసుకోవడమే మేలు.

ఫెచ్‌తో లాగిన్ చేసేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. లాగిన్ అయిందని బ్రౌజర్‌కి తెలియాలంటే పేజీ మారాలి, లేదా హిస్టరీ పుష్‌స్టేట్‌తో (పేజీ మళ్లీ లోడ్ చేయకుండానే అడ్రస్ మార్చే జావాస్క్రిప్ట్ పద్ధతి) అడ్రస్ మార్చి ఫామ్‌ను పేజీలోంచి పూర్తిగా తీసేయాలి. ఫామ్‌ను వెనకాల దాచి, పైన డాష్‌బోర్డ్ (లాగిన్ తర్వాత వచ్చే ముఖ్య పేజీ) చూపిస్తే సేవ్ చేయమంటారా అన్న ప్రశ్న రాకపోవచ్చు.

ఒక క్లయింటు సెక్యూరిటీ కోసం పాస్‌వర్డ్ పెట్టెలో పేస్ట్ ఆపేయమన్నాడు. ఒప్పుకోకండి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనే పేస్ట్‌ను అనుమతించాలని ఉంది, అదే చూపించి నచ్చజెప్పాను.

అన్నీ సరిచేశాక బ్రౌజర్‌లో కొత్త ప్రొఫైల్ (పాత సేవ్‌లేవీ లేని వేరే ఖాతా) తెరిచి లాగిన్, లాగౌట్, మళ్లీ లాగిన్, పాస్‌వర్డ్ మార్పు, ఈ వరసలో చేసి చూడండి, క్రోమ్‌లోనూ ఫైర్‌ఫాక్స్‌లోనూ కూడా. అప్పటికీ ఒక్క కంప్యూటర్‌లోనే అడగట్లేదంటే, ఎప్పుడో ఎవరో "ఎప్పుడూ వద్దు" అని నొక్కి ఉంటారు. పాస్‌వర్డ్ సెట్టింగుల్లో సేవ్ చేయకూడని సైట్ల లిస్టు ఉంటుంది, అందులోంచి మీ సైటు తీసేస్తే మళ్లీ అడుగుతుంది.