పాత క్యాసెట్‌లోని పాటను నష్టం లేకుండా కంప్యూటర్‌లోకి ఎక్కించడం ఎలా?

క్యాసెట్‌లోని ధ్వనిని డిజిటల్ ఫైలుగా మార్చడమంటే టేపురికార్డరుకూ కంప్యూటర్‌కూ మధ్య ఒక తీగ కలిపి మీట నొక్కడమేనని చాలామంది అనుకుంటారు. అలా చేసినా ఫైలు తయారవుతుంది. కానీ అందులో గొంతు దుప్పటి కప్పినట్టు మూగగా ఉంటుంది, తాళాల మెరుపు కనబడదు, అడుగున ఏదో గుర్రుమనే శబ్దం వినిపిస్తుంది. అప్పుడు నింద డిజిటల్ మీద పడుతుంది. నేను ఈ పని చాలాకాలంగా చేస్తున్నాను. పాడైపోయిన ఫైళ్లలో దాదాపు ప్రతిసారీ తప్పు టేపు ఆడించిన యంత్రం దగ్గరే కనిపించింది. డిజిటల్ తనకు అందినదాన్ని ఉన్నదున్నట్టు దాస్తుంది, కనుక మన శ్రద్ధలో ఎక్కువ భాగం టేపు మీదా, దాన్ని చదివే హెడ్ మీదా పెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు ఒక అపోహ తొలగించుకోవాలి. టేపు మీద ధ్వని అయస్కాంత కణాల అమరికగా, ఎక్కడా తెగకుండా నమోదవుతుంది. డిజిటల్‌లో అదే తరంగాన్ని సెకనుకు కొన్ని వేలసార్లు కొలిచి అంకెలుగా రాస్తారు. కొలతకూ కొలతకూ మధ్య ఉన్నది పోతుందనీ, డిజిటల్ తరంగం మెట్లు మెట్లుగా ఉంటుందనీ తరచూ వింటాం. ఇది నిజం కాదు. ఒక ధ్వనిలోని అత్యధిక పౌనఃపున్యానికి (సెకనుకు వచ్చే కంపనాల సంఖ్య, దీని కొలమానం హెర్ట్జ్) రెట్టింపు కంటే ఎక్కువసార్లు కొలిస్తే, ఆ కొలతల నుంచి అసలు తరంగాన్ని పూర్తిగా తిరిగి నిర్మించవచ్చని 1928లో ఇంజినీరు హ్యారీ నైక్విస్ట్ వేసిన పునాది మీద 1949లో గణితవేత్త క్లాడ్ షానన్ నిరూపించారు. మనిషి చెవి సుమారు 20,000 హెర్ట్జ్ వరకే వింటుంది. 1982లో మార్కెట్లోకి వచ్చిన సీడీ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. తిరిగి వినిపించేటప్పుడు బయటికి వచ్చేది నునుపైన తరంగమే. ఇక నిశ్శబ్దానికీ గట్టి శబ్దానికీ మధ్య ఉండే వ్యత్యాసం చూస్తే, 16 బిట్ల డిజిటల్ (ఒక్కో కొలతను 16 ద్విసంఖ్యా అంకెలతో రాసేది) సుమారు 96 డెసిబెల్స్ మోయగలదు. శబ్దం తగ్గించే ఏర్పాటు లేని మామూలు క్యాసెట్ 50 నుంచి 60 డెసిబెల్స్ దగ్గర ఆగిపోతుంది. అంటే చిన్న పాత్రలోని నీటిని పెద్ద పాత్రలోకి పోస్తున్నాం. ఒలికితే పోసే చేతి దగ్గరే ఒలకాలి.

మొదటి మెట్టు: క్యాసెట్‌ను పరిశీలించండి

ముందుగా క్యాసెట్ పైఅంచున ఉన్న రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి. అవి లేకపోతే పొరపాటున రికార్డు మీట నొక్కినా పాత ధ్వని చెరిగిపోదు. తర్వాత టేపు నలిగిందా, బూజు పట్టిందా, హెడ్ తాకేచోట టేపు వెనుక ఉండే చిన్న మెత్త ఊడిపోయిందా చూడండి. మెత్త లేకపోతే టేపు హెడ్‌కు ఆనదు, పై స్వరాలు వినబడవు. అటువంటప్పుడు స్క్రూలున్న మంచి డొల్ల ఒకటి తీసుకుని, టేపు చుట్టలను జాగ్రత్తగా అందులోకి మార్చాలి. బూజు కనిపించిన క్యాసెట్‌ను మిగతావాటి నుంచి వేరుగా ఉంచండి, శుభ్రం చేయకుండా యంత్రంలో పెట్టకండి.

ఏళ్ల తరబడి కదలని టేపును ఆడించే ముందు ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పడం మంచిది. దానితో చుట్ట బిగువు సమానమై, టేపు నడక నిలకడగా ఉంటుంది.

రెండో మెట్టు: యంత్రాన్ని ఎంచుకుని శుభ్రం చేయండి

నేరుగా కంప్యూటర్‌కు తగిలించే యూఎస్‌బీ క్యాసెట్ ప్లేయర్లు చవకగా దొరుకుతాయి గానీ, వాటిలో చాలావాటి మోటారు నడక నిలకడగా ఉండదు, హెడ్ నాణ్యత అంతంతమాత్రం. మంచి స్థితిలో ఉన్న పాత స్టీరియో డెక్ (స్పీకర్లు లేకుండా ఇతర యంత్రాలకు కలిపి వాడే క్యాసెట్ యంత్రం) ఒకటి అరువు తెచ్చుకున్నా దానికంటే మేలు. హెడ్‌నూ, టేపును లాగే సన్నని ఉక్కు ఇరుసునూ 90 శాతానికి పైగా గాఢత ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో, దూదికి గోధుమరంగు అంటడం ఆగేదాకా తుడవండి. రబ్బరు చక్రానికి ఆల్కహాల్ తక్కువగా వాడి, వెంటనే పొడిగుడ్డతో తుడిచేయండి. పూర్తిగా ఆరిన తర్వాతే క్యాసెట్ పెట్టాలి.

వేగం కూడా సరిచూసుకోవాలి. క్యాసెట్ సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాలి. డెక్ 3 శాతం వేగంగా నడిస్తే పాట శ్రుతి దాదాపు అర సెమిటోన్ పైకి జరుగుతుంది. గాయకుడి గొంతు పలచబడినట్టు అనిపిస్తుంది గానీ కారణం తట్టదు. కొలత కోసం 3,000 లేదా 3,150 హెర్ట్జ్ స్వరం నమోదు చేసిన పరీక్ష క్యాసెట్లు ఉన్నాయి. అది లేకపోతే, శ్రుతి ఖచ్చితంగా తెలిసిన వాయిద్యం ఉన్న పాటతో పోల్చి చూడవచ్చు.

మూడో మెట్టు: హెడ్ కోణాన్ని సరిచేయండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే గుర్తుంచుకోగలిగితే దీన్ని గుర్తుంచుకోండి. టేపు వెడల్పు 3.81 మిల్లీమీటర్లే. ఆ వేగంలో 10,000 హెర్ట్జ్ స్వరం టేపు మీద ఒక్కో ఆవృత్తికి 4.76 మైక్రోమీటర్ల చోటు మాత్రమే ఆక్రమిస్తుంది. దాన్ని చదవాల్సిన హెడ్‌లోని సన్నని చీలిక టేపు నడిచే దిశకు సరిగ్గా లంబంగా ఉండాలి. అది వెంట్రుకవాసి వాలినా చీలిక పై కొస తరంగం శిఖరాన్నీ, కింది కొస లోయనూ ఒకేసారి చదివి, ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. మొదట పోయేది పై స్వరాలే. క్యాసెట్‌ను రికార్డు చేసిన యంత్రమూ, మీరు ఆడిస్తున్న యంత్రమూ వేరైనప్పుడు ఈ కోణం కలవకపోవడం చాలా మామూలు. ఒకే క్యాసెట్ రెండు వైపులా కూడా కలవకపోవచ్చు.

సరిచేసే పద్ధతి ఇది. హెడ్‌ను పట్టి ఉంచే రెండు స్క్రూలలో ఒకదాని కింద స్ప్రింగు ఉంటుంది. కోణాన్ని మార్చేది అదే. రెండోదాన్ని తాకకండి. స్క్రూ మొదట ఏ దిశలో ఉందో గుర్తు పెట్టుకోండి. డాల్బీ (టేపు రొదను తగ్గించే ఏర్పాటు) మీటను ఆపేయండి. తాళాలో, గజ్జెలో, శ, స అక్షరాలు స్పష్టంగా పలికే గొంతో ఉన్న భాగాన్ని ఆడిస్తూ, ఎడమ కుడి చానళ్లను కలిపి మోనోగా వినండి. కలిపి వింటే కోణంలోని చిన్న తేడా కూడా రెండు చానళ్ల మధ్య ఆలస్యంగా బయటపడి, పై స్వరాలను మరింత మూగగా చేస్తుంది కనుక తప్పు పట్టుకోవడం సులువు. అయస్కాంత గుణం లేని స్క్రూడ్రైవర్‌తో స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ పోతే, ఒకచోట ధ్వని ఒక్కసారిగా తేటపడుతుంది. అది దాటితే మళ్లీ మసకబారుతుంది. తేటపడినచోట ఆపండి. తెర తొలగినట్టు పాట ముందుకు వచ్చే ఆ క్షణం కోసమే నేను ఈ పనిని ఇంత ఇష్టంగా చేస్తాను. ఫైలు తయారయ్యాక ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పూర్తిగా తిరిగి తేలేదు; ట్రెబుల్ పెంచితే పోయిన స్వరాలు రావు, టేపు రొద పెరుగుతుంది.

నాలుగో మెట్టు: డాల్బీ, టేపు రకం సరిచూడండి

1968లో వచ్చిన డాల్బీ బీ, 1980లో వచ్చిన డాల్బీ సీ పద్ధతులు రికార్డు చేసేటప్పుడు మెల్లని పై స్వరాలను పెంచి, వినిపించేటప్పుడు అంతే తగ్గిస్తాయి; ఆ తగ్గింపుతో పాటు టేపు రొద కూడా తగ్గుతుంది. అందుచేత ఏ రకంతో రికార్డు చేశారో అదే రకంతో ఆడించాలి. డాల్బీతో చేసినదాన్ని డాల్బీ లేకుండా వింటే కరుకుగా, రొదగా ఉంటుంది; డాల్బీ లేకుండా చేసినదానికి డాల్బీ పెడితే మసకబారుతుంది. లేబుల్ మీద గుర్తు లేకపోతే రెండు విధాలా విని నిర్ణయించుకోండి, కానీ హెడ్ కోణం సరిచేశాకే వినండి. కోణం తప్పితే పై స్వరాలు బలహీనంగా అందుతాయి. డాల్బీ వాటిని మెల్లని స్వరాలుగా పొరబడి ఇంకా తగ్గిస్తుంది. డాల్బీ పనికిరాదని మీట శాశ్వతంగా ఆపేసుకున్నవారిలో చాలామంది నిజానికి ఈ కోణం తప్పునే విని ఉంటారు.

టేపు రకాన్ని బట్టి డెక్‌లో 120 లేదా 70 మైక్రోసెకన్ల ఈక్వలైజేషన్ (పై, కింది స్వరాల సమతూకం సరిచేసే అమరిక) ఎంచుకోవాలి. మామూలు టేపుకు మొదటిది, క్రోమ్, మెటల్ టేపులకు రెండోది. కంపెనీలు ముద్రించి అమ్మిన క్రోమ్ క్యాసెట్లలో కొన్ని మాత్రం 120తోనే చేసినవి.

ఐదో మెట్టు: తీగలు కలిపి, స్థాయి పెట్టండి

డెక్ లైన్ అవుట్‌ను (ధ్వని బయటికి వచ్చే రంధ్రం) ఆడియో ఇంటర్‌ఫేస్ (ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటర్‌కు అందించే పెట్టె) లైన్ ఇన్‌కు కలపండి. ల్యాప్‌టాప్ మైకు రంధ్రంలో పెట్టకండి; అది తరచూ ఒకే చానల్‌ది, పైగా బలహీనమైన సంకేతం కోసం చేసినది కనుక లైన్ సంకేతం పెడితే ధ్వని పగిలిపోతుంది. కంప్యూటర్ సెట్టింగులలో స్థాయిని తనంతట తాను మార్చే, ధ్వనిని మెరుగుపరుస్తామనే సదుపాయాలన్నీ ఆపేయండి. హమ్మనే శబ్దం వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. ఆగిపోతే అది తీగల ఎర్తింగ్ దోషం, టేపుది కాదు.

రికార్డింగ్‌కు 24 బిట్లు ఎంచుకోండి. శాంప్లింగ్ రేటు (సెకనుకు ఎన్నిసార్లు కొలవాలన్నది) విషయంలో అంతర్జాతీయ ధ్వని, దృశ్యశ్రవణ భాండాగారాల సంఘం కనీసం 48 కిలోహెర్ట్జ్ ఉండాలనీ, 96 ఉంటే మేలనీ సూచిస్తోంది. ఇంట్లో వినడానికి దాచుకునే క్యాసెట్‌కు 48 చాలునని నా అభిప్రాయం. మరెక్కడా ప్రతి లేని రికార్డింగైతే 96 వాడండి. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్‌లో స్టీరియో ధ్వని గంటకు సుమారు 2 గిగాబైట్లు తీసుకుంటుంది, 48లో అందులో సగం.

పాటలో అన్నిటికంటే గట్టిగా ఉన్నచోటు ఆడిస్తూ మీటరు మైనస్ 12కూ మైనస్ 6 డెసిబెల్స్‌కూ మధ్య ఆగేలా స్థాయి పెట్టండి. టేపు రోజుల్లో రొదను దాటడానికి మీటరును ఎర్రగీత దాకా నెట్టేవారు. టేపు దాన్ని మెత్తగా భరించేది. డిజిటల్‌లో సున్నా డెసిబెల్స్ దాటిన తరంగం కొస కత్తిరించినట్టు తెగిపోతుంది, అది తిరిగి రాదు. 12 డెసిబెల్స్ వదిలేయడమంటే 24 బిట్లలో రెండు వదిలేయడం. మిగిలిన 22 బిట్ల సొంత రొద కూడా టేపు రొదకు ఎంతో అడుగున ఉంటుంది.

ఆరో మెట్టు: ఒక వైపంతా ఆపకుండా రికార్డు చేయండి

ముందు రికార్డింగ్ మొదలుపెట్టి, తర్వాత టేపు నడపండి. పాటకు ముందు వచ్చే ఖాళీ టేపు రొద కొన్ని సెకన్లు ఉంచండి, శుద్ధి చేసేటప్పుడు నమూనాగా పనికొస్తుంది. పాట పాటకూ ఆపకండి. హెడ్‌ఫోన్‌తో మొత్తం వినండి: మధ్యలో ధ్వని మసకబారితే హెడ్‌కు టేపు పొడి అంటుకుందని అర్థం. అప్పుడు తుడిచి, ఆ వైపును మొదటి నుంచి మళ్లీ చేయాలి.

ఏడో మెట్టు: శుద్ధి, భద్రత

మొదట వచ్చిన ఫైలును డబ్ల్యూఏవీ (కుదించని ధ్వని ఫైలు) రూపంలో అలాగే దాచి, దాని నకలు మీదే మార్పులు చేయండి. ఆడాసిటీ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనికి చాలు. రొద తగ్గించేటప్పుడు కొద్దిగా తగ్గించి ఆగండి. అతిగా తగ్గిస్తే స్వరాల చివర్లు నీళ్లలో గలగలలాడినట్టు అవుతాయి. ఒక పాత కచేరీకి నేను రొదంతా తీసేసి, శుభ్రంగా ఉందని మురిసి, అసలు ఫైలును చెరిపేశాను. కొన్నేళ్ల తర్వాత విన్నప్పుడు తంబురా నాదం సగం రొదతో పాటే పోయిందని తెలిసింది, అప్పటికి టేపు కూడా చేతిలో లేదు.

సీడీ కోసం 16 బిట్లకు దించేటప్పుడు డిథర్ వాడండి. అది కలిపే అతిచిన్న యాదృచ్ఛిక శబ్దం వల్ల, బిట్లు తగ్గించడంతో వచ్చే పొరపాటు వికృత ధ్వనిగా మారదు. స్థలం ఆదా కావాలంటే ఫ్లాక్ రూపం మంచిది, అందులో ఏమీ పోదు. ఎంపీ3 పంచుకోవడానికే వాడండి. ఫైలు పేరులోనో, పక్కన ఒక చీటీ ఫైలులోనో క్యాసెట్ పేరు, వైపు, వాడిన డెక్, డాల్బీ రకం, తేదీ రాయండి. మూడు ప్రతులు ఉంచండి, వాటిలో ఒకటి మరో చోట ఉండాలి.

చివరిగా ఫైలునూ డెక్‌నూ పోల్చి వినండి. రెండిటి స్థాయీ సరిసమానం చేయాలి, ఎందుకంటే కొంచెం గట్టిగా వినిపించేది ఎప్పుడూ మెరుగ్గా తోస్తుంది. ఏది ఎప్పుడు మోగుతోందో మీకు చెప్పకుండా మరొకరు మారుస్తూ ఉండాలి. టేపుకు సహజమైన మెత్తదనం, గట్టి స్వరాల దగ్గర వచ్చే ఒత్తిడి, కింది స్వరాల నిండుదనం ఫైలులో కూడా అలాగే ఉంటాయి, ఎందుకంటే అవి టేపులో ఉన్న గుణాలు. ఏది ఏదో గుర్తుపట్టగలిగితే తీగలూ, సెట్టింగులూ, స్థాయీ మళ్లీ చూసుకుని ఆ వైపును తిరిగి రికార్డు చేయండి. ఆ తర్వాత క్యాసెట్‌ను చివరిదాకా చుట్టి, పెట్టెలో పెట్టి, స్పీకర్లకూ వేడికీ దూరంగా నిలబెట్టి ఉంచండి.